కదలని లెన్సు

"వచ్చే నెల వర్తూరు చెరువులో సీప్లేన్ దిగతాది. దాంట్లో మన ఇంజినీరు వస్తా ఉండాడు. ఆయన ఒడ్డున కాలు పెట్టే లోపల చంపెయ్యాలని ప్లాన్," అన్నాడు చీఫ్ చెన్నరాయప్ప.

"ఎవరి ప్లాన్ సార్?"

"శత్రుదేశం ముఠా. దాంట్లో మన డబుల్ ఏజెంట్ ఒకామె ఉండాది. ఆమే నిన్ను వెతుక్కుంటా వస్తాది. కోడ్: 'కొంగలు వచ్చినాయా?' నువ్వు పక్షుల ఫోటోగ్రాఫర్‌వి. వెళ్ళు."

అది 1943. బెంగళూరు కంటోన్మెంట్‌లో మూతపడిన స్టూడియో వెనకగది. ఆ సాయంత్రమే ఏజెంట్ ఓబళప్ప చెరువుగట్టుకు మకాం మార్చాడు.

టెలిఫోటో లెన్సు రోకలంత బరువు. ఎగిరే కొంగ వెంట తిప్పేసరికి జబ్బలు పీకేసేవి. ఫోటోలో కొంగ బదులు మసక పడేది. పలకరించే మనిషి లేడు. కొన్నాళ్ళకు తన గొంతు తనకే కొత్తగా వినిపించసాగింది.

ఒక ఉదయం నల్లకళ్ళద్దాలు, మైసూరు సిల్కు చీర, భుజాన కెమెరాతో ఒకామె వచ్చి నిలబడింది. పేరు పద్మావతి.

"కొంగలు వచ్చినాయా?"

"నీళ్ళు తగ్గినాక వస్తాయి."

ఆమె అతని చేతులు చూసి నవ్వింది. "బరువంతా చేతుల మీద వేసుకుంటే ఎట్లప్పా? ఎడమచెయ్యి లెన్సు కింద పెట్టండి. మోచెయ్యి ఎదకు ఆనించండి. ట్రైపాడ్ మీద పెడితే మర బిగించొద్దు. వదులుగా ఉంటేనే పక్షితో పాటు లెన్సు తిరగతాది."

తరచూ వచ్చేది. ముఠా కబురు రెండు ముక్కల్లో చెప్పేసి, ఫ్లాస్కులోని కాఫీ ఇద్దరికీ పోసేది. ఆమె రాని రోజు ఓబళప్ప పక్షుల్ని వదిలేసి దారి వైపు చూస్తూ కూర్చునేవాడు. అది డ్యూటీ కాదని అతనికి తెలుసు.

అనుకున్న రోజు ఉదయం సీప్లేన్ నీళ్ళు చిమ్ముతూ దిగింది.

"షూటర్ అవతలి గట్టున ఉండాడు. అటే చూడండి," అంది పద్మావతి, తన ట్రైపాడ్ వెనక నుంచి.

ఇంజను మోతకు బెదిరి గూడబాతుల గుంపు తలల మీదుగా లేచింది. ఓబళప్ప లెన్సు వాటి వెంట తిరిగింది. ఆమె లెన్సు తిరగలేదు. మర బిగించి ఉంది. గొట్టం సూటిగా, ఇంజినీరు దిగుతున్న పడవరేవు వైపే చూస్తోంది.

ఆమె వేలు వంగింది. ఓబళప్ప తన లెన్సును గదలా తిప్పి ఆమె ట్రైపాడ్ కాలు మీద కొట్టాడు.

ఢామ్! గుండు నీళ్ళలో పడింది. కిందపడి పగిలిన లెన్సు గొట్టంలోంచి రైఫిల్ బయటపడింది.

"ఎప్పట్నుంచి వాళ్ళ మనిషివి?" రివాల్వర్ చూపిస్తూ అడిగాడు.

"మొదట్నుంచీ," అంది. కాసేపాగి, "కాఫీ మాత్రం ఎవరో చెప్తే పోసింది కాదప్పా."

జీపు ఆమెను తీసుకెళ్ళాక కూడా ఓబళప్ప చాలాసేపు గట్టునే కూర్చుండిపోయాడు.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "శభాష్! నెల లీవు ఇస్తా ఉండాను. ఇంటికి పోయి రా."

"ఎట్ల పోయేది సార్? యుద్ధంలో నేను చచ్చిపోయినానని మా ఇంటికి తంతి కొట్టించింది మీరే కదా?"

చెన్నరాయప్ప లీవు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే సోమవారం డ్యూటీకి వచ్చెయ్యప్పా."