ఆధారితురాలు

"డెబ్బై రోజులు... ఇంకా డెబ్బై రోజులేనా!"

ఉత్తరం మూడోసారి చదివినా ఆ అంకె మారలేదు. వంటగది గట్టుకు ఆనుకుని నిలబడ్డ ఆమెకి కాళ్ళ కింద నేల మెల్లగా, నీటి మీద తేలే బల్లకట్టులా కదులుతున్నట్టనిపించింది. కుళాయి కింద గిన్నె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. చెయ్యి చాచి కట్టేయాలన్న స్పృహ కూడా లేదు. కిటికీ అద్దం మీద పొద్దుటి మంచు పట్టి వీధి, ఆగి ఉన్న కార్లు, ఎదురింటి తలుపు అన్నీ పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి. ఈ ఊరు నిజంగా ఉందా? లేక ఆరేళ్ళుగా తను కంటున్న పొడుగాటి కలా ఇది? ఎవరో భుజం తట్టి, "ఇక లేమ్మా, తెల్లారింది" అంటున్నారా!

"ఏంటమ్మా ఆ ఉత్తరం?" బడిసంచీ తగిలించుకుంటూ అడిగింది ఎనిమిదేళ్ళ కూతురు. ఎప్పుడూ కిచకిచమంటూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది కనుక ఇంట్లో దాని ముద్దుపేరు పిచ్చుక.

"ఏం లేదు తల్లీ... కరెంటు వాళ్ళది," అంది. అబద్ధం చెప్పడం అలవాటులేని ఆమె గబుక్కున కుళాయి వైపు తిరిగి కట్టేసింది.

ఆరేళ్ళ క్రితం ముగ్గురూ ఈ దేశానికి వచ్చింది ఆమె ఉద్యోగం మీదే. వీసా కాగితంలో మొదటి వరస ఆమెది. దాని కింద భర్త, అప్పటికి రెండేళ్ళ పిచ్చుక. వాళ్ళిద్దరి పేర్ల పక్కన 'ఆధారితులు' అన్న మాట. ఆ మాట గురించి ఆమె ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం ఆమెకి రాలేదు మరి!

ఆమె చేసేది కృత్రిమ కళ్ళు. ప్రమాదంలోనో జబ్బుతోనో ఒక కన్ను పోగొట్టుకున్నవాళ్ళకి, ఉన్న కంటితో అచ్చం సరిపోయేలా రెండో కన్ను తయారుచేసే పని. ఆసుపత్రి వెనక సందులో చిన్న కార్ఖానా. అక్కడ ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని ముందు ఆమె బల్ల. పది గంటల నుంచి రెండింటి దాకా ఆ కిటికీలోంచి వచ్చే వెలుతురు ఎటూ మొగ్గకుండా నిలకడగా ఉంటుంది. ఆ వెలుతురులోనే కంటిపాపకు రంగులు వెయ్యాలి. ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా విడదీసి, తెల్లగుడ్డు మీద సన్నటి నెత్తుటి గీతల్లా అతికించాలి. పని చేస్తుంటే లోకం దూరమైపోతుంది. ఒక్కోసారి తను వేస్తున్న కన్నే తనని చూస్తున్నట్టు, "నేను ఎవరి ముఖంలోకి వెళ్తున్నాను?" అని అడుగుతున్నట్టు ఉంటుంది.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి వలసదారుల సలహా కేంద్రానికి పరిగెత్తింది. బల్ల వెనకున్నావిడ మంచి మనిషే. ఉత్తరం చదివి నెమ్మదిగా చెప్పింది.

"మీకు పని రాదని ఎవరూ అనటం లేదమ్మా. ఇన్నాళ్ళూ మీ వృత్తిని వైద్య నిపుణుల జాబితాలో పెట్టారు. ఇప్పుడు తీసి చేతిపనుల జాబితాలో వేశారు. డెబ్బై రోజుల్లో మీ వీసా అయిపోతుంది, ఈ జాబితాలో వాళ్ళకి మళ్ళీ వీసా కావాలంటే జీతం ఈ గీత దాటాలి. మీది చాలా కిందే ఉంది."

"ఆదివారాలు కూడా చేస్తానండీ! సెలవలు వద్దు నాకు!"

"ఎంత ఎక్కువసేపు చేసినా అది లెక్కలోకి రాదమ్మా. మూలజీతమే చూస్తారు."

కార్ఖానా యజమానిని అందరూ పెద్దాయన అంటారు. డెబ్బై దాటినవాడు, చేతులు వణకడం మొదలై రంగులు మానేసి మైనం అచ్చులు మాత్రం పోస్తున్నాడు. సంగతి విని చేతిలో అచ్చు బల్లమీద పెట్టేశాడు.

"అంత జీతం ఇచ్చుకోలేనమ్మాయీ... ఇస్తే నెల తిరక్కుండా తాళం వెయ్యాలి." గొంతు తగ్గించి, "పోనీ... కాగితం మీద పెంచి రాద్దామా? మిగతాది నువ్వు నాకు తిరిగి ఇచ్చేద్దువుగాని. చాలామంది చేస్తున్నారట," అన్నాడు. అంటూనే ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

జీవితంలో ఒక్క కన్ను కూడా నాసిగా చెయ్యని మనిషి! తన కోసం ఇంతకు దిగుతున్నాడా! ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"వద్దు బాబుగారూ... ఈ వయసులో మీ చేత దొంగరాత రాయిస్తే, రేపు ఇక్కడ కూర్చుని నేను కుంచె పట్టుకోగలనా?"

ఇంటికి వెళ్ళేసరికి వదిన వచ్చి ఉంది. భర్తకి అక్కగారు. ఈ ఊళ్ళోనే పాతికేళ్ళుగా ఉంటోంది, ఇక్కడి పౌరురాలు. మనసు మంచిదే కానీ నోటికి గడియ లేదు. ఆమె సంచీలోంచి తీసి భర్తకిచ్చిన ఉత్తరం చూసి మండిపడింది.

"అనుకుంటూనే ఉన్నాను! అక్కడ శీతల గిడ్డంగిలో నలభైమంది మీద అధికారిగా ఉన్నవాణ్ణి తీసుకొచ్చి ఇక్కడ ఆసుపత్రి దుప్పట్లు మోసే వ్యాను తోలించావు! నీ కాగితానికి వాణ్ణి అతుకు చేశావు! ఇప్పుడా కాగితమే చిరిగింది. ఇక వాడి గతేంటమ్మాయ్?"

"అక్కా, ఊరుకో," అన్నాడు అతను.

"నేనేం చెయ్యను వదినా! రూలు నేను రాశానా!" అంటూ ఆమె భర్త వైపు చూసింది. ఒక్క మాట... 'నేనున్నాను' అని ఒక్క మాట అంటాడేమోనని! అతను ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ చెప్పుల చప్పుడు మెట్లమీద దిగిపోతుంటే ఆమె గుండెలో ఒక్కొక్క మెట్టూ ఊడిపోతున్నట్టయింది.

ఆ తరవాతి రోజులు నిద్రకీ మెలకువకీ మధ్య నడిచాయి. తను చేస్తున్న కళ్ళను లెక్కపెట్టుకునేది. ఇంకా తొమ్మిది చెయ్యగలనేమో... ఇంకా ఎనిమిది... ఎదురుగా కూర్చున్న మనిషి కంటిలోని గోధుమరంగు చారల్ని చూస్తూ చూస్తూ, అదేదో ఎండిన ఏటి ఒడ్డు అనుకుని అక్కడే నడుచుకుంటూ పోయేది. పెద్దాయన దగ్గితే తిరిగొచ్చేది.

భర్త మాత్రం మారిపోయాడు. శనివారాలు పొద్దున్నే వెళ్ళి పొద్దుగూకాక వస్తున్నాడు. ఎక్కడికంటే "పని" అంటాడు. వేళ్ళ మీద కొత్త గాట్లు, చొక్కాకి ఏదో ఘాటైన వాసన. ఒకరోజు ముఖం మాడిపోయి వచ్చి, అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టుకోకుండానే లేచిపోయాడు. ఆమె అడగలేకపోయింది. ఏం వినాల్సి వస్తుందో అన్న భయం!

ఒక ఆదివారం ఉతకడానికి అతని కోటు జేబులు చూస్తుంటే పత్రికలోంచి చింపిన ముక్క దొరికింది. నాలుగు గంటల దూరంలో ఉన్న రేవు పట్టణంలో అద్దె గది. 'ఒక్కరికి మాత్రమే' అన్న చోట పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది.

ఒక్కరికి!

ఆమె చేతిలో బట్టలు జారిపోయాయి. హాల్లో అతను పిచ్చుక చేత ఎక్కాలు చెప్పిస్తున్నాడు. వదిన సోఫాలో కూర్చుని ఉంది. ఆమె వెళ్ళి ఆ ముక్క అతని ముందు పెట్టింది.

"ఒక్కరికే చూసుకున్నారా గది? నేనూ, పిల్లా ఎక్కడికి పోవాలో కూడా చూశారా? లేక అది నా తలరాతా?"

"నేను చెప్పేది..."

"ఏం చెబుతారు! నా కాగితం ఉన్నంతవరకే నేను! అది పోతే నేనూ అక్కర్లేదు! ఆరేళ్ళు నా నీడన బతికి..."

మాట జారిపోయింది. అతని ముఖంలో రక్తం ఇంకిపోవడం ఆమెకి కనిపించింది. రంగులు చూసి చూసి అలవాటైన కళ్ళు కదా... ఎంత తెల్లబడిందో కూడా తెలిసింది. పిచ్చుక పుస్తకం మూసి తండ్రి మోకాలు పట్టుకుంది.

లేచింది వదిన. అరుస్తుందనుకుంది ఆమె. అరవలేదు.

"చెప్పెయ్యరా, ఇంకా ఎందుకు దాస్తావు? సరే, నేనే చెబుతా. అమ్మాయ్, వీడు శనివారాలు వెళ్తోంది శీతల యంత్రాల పరీక్షకి. మొదటిసారి తప్పాడు. ఇప్పుడు వాడే గ్యాసులు వేరట, పైపులు అతికేటప్పుడు చెయ్యి తడబడిందట. ఆరేళ్ళు ముట్టుకోలేదుగా మరి! మళ్ళీ నేర్చుకున్నాడు. కిందటి శనివారం పాసయ్యాడు. ఆ రేవులో చేపలు నిలవచేసే గిడ్డంగివాళ్ళు నిన్ననే ఉద్యోగం రాసిచ్చారు. ఆ పని వీసా ఇచ్చే జాబితాలో ఉంది. జీతం గీత దాటింది."

ఆమెకి అర్థం కాలేదు. అతను నెమ్మదిగా, పిచ్చుకకి ఎక్కం చెప్పినట్టే చెప్పాడు.

"ఇప్పుడు వీసా నా పేరు మీద అడుగుతాం. నువ్వూ, పాపా నా మీద ఆధారపడినవాళ్ళవుతారు. ఆధారపడినవాళ్ళు ఏ పనైనా చెయ్యొచ్చు. ఎంత జీతమైనా ఫర్వాలేదు, ఆ గీత వాళ్ళకి లేదు. నీ కిటికీ, నీ బల్ల, నీ పెద్దాయన అన్నీ నీకే ఉంటాయి. నేనొక్కణ్ణే వారంలో ఐదు రోజులు అక్కడుండాలి. అందుకే ఒక్కరికి గది."

"మరి... నాకెందుకు చెప్పలేదండీ!"

"మొదటిసారి తప్పిన రోజు చెబుదామనే వచ్చాను. నీ ముఖం చూస్తే నోరు రాలేదు. రెండోసారి కూడా తప్పితే? ఇంకో ఆశ పెట్టి ఇంకోసారి లాక్కోవడం ఎందుకనుకున్నాను." నవ్వాడు. "నిన్న చెబుదామంటే అక్క ఉండనిచ్చిందా! స్వీట్లు కొని తెచ్చి తనే చెప్పాలట!"

వదిన చేతిలో స్వీట్ల డబ్బా ఉన్న సంగతి అప్పుడు చూసింది ఆమె.

"ఇంత మంచి ఉద్యోగం... మరి ఇన్నేళ్ళూ ఎందుకు ప్రయత్నించలేదు మీరు?"

జవాబు వదిన ఇచ్చింది. "వచ్చిన ఏడాదే ఆ రేవువాళ్ళు పిలిచారమ్మా వీణ్ణి. అప్పుడు పిల్లకి మూడేళ్ళు. నువ్వు పొద్దున వెళ్తే సాయంత్రం వచ్చేదానివి. వీడు రేవుకి పోతే పిల్లని చూసేదెవరు? నీ పని ఆపెయ్యాల్సి వచ్చేది. 'తన చేతిలో ఉన్నది నా చేతిలో లేదక్కా, నాది యంత్రం, ఎవరైనా తిప్పుతారు' అన్నాడు. ఆ మాటకే నాకు నీ మీద కోపం! ఇన్నేళ్ళ కోపం!" అంటూ వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. అతని చేతులు రెండూ తీసుకుని కళ్ళకి అద్దుకుంది. ఆ గాట్లు తన బుగ్గలకి గరుగ్గా తగులుతుంటే, ఏడుపు ఎక్కడో లోతునుంచి, ఎవరిదో ఏడుపులా వచ్చింది.

"నీడన బతికారన్నాను... ఎంత మాటన్నాను! నన్ను క్షమించండీ..."

"పిచ్చిదానా! ఆధారితుడు అన్న మాట ఆరేళ్ళు మోశాను. అంత బరువేం లేదు. కొన్నాళ్ళు నువ్వు మోసి చూడు."

"నాన్నా," అంది పిచ్చుక అనుమానంగా, "నేను ఇప్పటిదాకా అమ్మ మీద ఆధారపడ్డాను కదా. ఇప్పుడు మారాలంటే ఏమైనా రాయాలా?"

ముందు వదిన నవ్వింది. తరవాత అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూనే.

వేలిముద్రలివ్వడానికి ముగ్గురూ ఆ పెద్ద కార్యాలయానికి వెళ్ళారు. ఎత్తైన కప్పు, వరసల్లో కుర్చీలు, ఎవరూ గట్టిగా మాట్లాడని ఆ హాలు నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. "ప్రధాన దరఖాస్తుదారు ఎవరండీ? ముందుకు రండి," అని పిలిచాడు గుమస్తా. ఆరేళ్ళ అలవాటు! ఆమె చప్పున లేచి రెండడుగులు వేసింది. వెనకనుంచి అతనూ లేచాడు కానీ, ఆమెని చూసి అక్కడే ఆగిపోయాడు. ఆమె వెనక్కి తిరిగింది. అతని మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిపించి, "ఈయనండీ," అంది. ఆ ఒక్క మాట అంటున్నప్పుడు తన గొంతులో అంత గర్వం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

గడువుకి పదకొండు రోజుల ముందు వీసా వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం బస్సులో అతను వెళ్ళిపోయాడు. ఇల్లు పెద్దదైపోయినట్టు తోచింది. పక్కమీద సగం చల్లగా ఉంది. ఐదు రోజులేగా అనుకుంది, అనుకుని దిండులో ముఖం దాచుకుంది.

మంగళవారం పదకొండు గంటలకి, కిటికీ వెలుతురులో పట్టుదారపు పోగు అతికిస్తుండగా ఫోను మోగింది. పని మధ్యలో ఫోను తియ్యని మనిషి, తీసింది.

"వినిపిస్తోందా?" అతను. దాదాపు అరుస్తున్నాడు. "ఇక్కడ అంతా మంచు! నా ఊపిరి నాకే కనిపిస్తోంది! పొద్దున పెద్ద యంత్రం ఆగిపోయింది, ఎవరికీ దొరకలేదు. నేను చెవి పెట్టి విన్నాను. ఒక్క వాల్వు! చిన్న వాల్వు! విప్పి, కడిగి పెట్టేసరికి... ఆగు, ఆగు, నువ్వే విను!"

అతను ఫోను యంత్రం దగ్గరికి పట్టినట్టున్నాడు. దూరంగా, లోతుగా, ఒకే శ్రుతిలో ఒక హోరు. దాని మీద అతని నవ్వు. చిన్నపిల్లవాడిలా, ఆపుకోలేని నవ్వు. ఈ నవ్వు ఉందని తనకెందుకు తెలియలేదు? ఆరేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, వందల కళ్ళలోకి చూసి, ఈ మనిషి నవ్వడం మానేశాడని తను చూడనే లేదు!

"విన్నావా?" అన్నాడు.

పెద్దాయన అటువైపు తిరిగి మైనం కలుపుతున్నాడు. ఆమె కుంచె పక్కన పెట్టి, కళ్ళు మూసుకుంది.

"లేదండీ, సరిగ్గా వినపళ్ళేదు," అంది. "ఇంకోసారి... మొదట్నుంచీ చెప్పండి."