నీళ్ళు పట్టిందెవరు?

ఆ ఉదయం మల్లీశ్వరి రోజూలాగే యజమానురాలి పిల్లల టిఫిన్ డబ్బాలు సర్ది బడికి పంపి, గిన్నెలు కడుగుతోంది. ఇంతలో పెరట్లోంచి నాదియా మేడమ్ కేక వినబడింది.

"మల్లీ! ఇటు రా!"

చేతులు తుడుచుకుంటూ పరుగెత్తింది. కొత్తగా పరిచిన పచ్చిక ప్రహరీ వైపు సగం మేర గోధుమరంగుకు తిరిగిపోయింది. చాపల్లా చుట్టి తెచ్చిన ఆ పచ్చికను మల్లీశ్వరి భర్త వీరబ్రహ్మం రెండు రోజులు నడుం వంచి ఒక్కడే పరిచాడు. ఇప్పుడు దాని అంచులు ముడుచుకుని, మధ్యలో వేలెడు సందులు కనబడుతున్నాయి.

వీరబ్రహ్మం పక్కనే తల వంచుకుని నిలబడి ఉన్నాడు. కడప నుంచి ఒమన్ వచ్చి అతనికి ఇంకా ఏడాది కాలేదు. సీబ్‌లోని ఈ విల్లాలో ఆరేళ్ళుగా పనిచేస్తున్న మల్లీశ్వరే మేడమ్‌ను బతిమాలి, అతన్ని తోటపనికి రప్పించుకుంది. అతనికి అరబ్బీ రాదు. ఎవరేమన్నా భార్యే చెప్పాలి.

"నేను సలాలా వెళ్ళిన మూడు రోజులూ దీనికి నీళ్ళు పట్టిందెవరు?" అని మేడమ్ అరబ్బీలో అడిగింది.

ఆ మూడు రోజులూ వీరబ్రహ్మం జ్వరంతో మంచం దిగలేదు. "పైపైన తడిపితే చాలదు మే. కింద మట్టి నానాల. మూడు పూటలా పట్టు" అని మూలుగుతూనే చెప్పాడు. ఆమె సరేనంది. మొదటి రోజు పట్టింది. తర్వాత రెండు రోజులూ ఎండకు జంకి, వంటగదిలో చల్లగా కూర్చుని కడపలో ఉన్న కూతురితో వీడియో కాల్ మాట్లాడింది. సాయంత్రాలు మాత్రం పది నిమిషాలు పైపైన చల్లి వచ్చింది.

ఆరేళ్ళలో ఈ ఇంట్లో ఆమె ఒక్క మాట పడలేదు.

"ఆయనే, మేడమ్" అనేసింది.

మేడమ్ అతని వైపు తిరిగి "నువ్వేనా?" అంది. వీరబ్రహ్మం భార్య మొహం చూశాడు. ఆమె తల ఊపింది. అతనూ ఊపి "ఐవా, ఐవా" అని అరబ్బీలో ఔనన్నాడు.

"ఇతనికి ఈ పని చేతకాదు. శుక్రవారం ఖబూరాలోని మా నాన్న తోటకు పంపించేస్తాను" అని మేడమ్ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమంటాంది మే?" అన్నాడు వీరబ్రహ్మం.

"ఖబూరా తోటకు పొమ్మంటాంది. ఆడ పని ఉందంట."

"గడ్డి ఎండిందని తిట్టలేదా?"

"లే."

అతని మొహం విప్పారింది. "అయితే నా పని నచ్చినట్టుండాది!"

మధ్యాహ్నం గదిలో అతను బట్టలు మడతపెట్టుకుంటూ కూతురికి ఫోన్ చేశాడు. "మీ నాయన్ను పెద్ద తోటకు పంపిస్తాండారు పాపా! అంతా మీ అమ్మ చలవే. ఆ యమ్మ లేకుంటే ఈ దేశంలో నాకు మాటే లేదు."

గుమ్మంలో నిలబడి మల్లీశ్వరి అంతా విన్నది. లోపలికి వచ్చి అతని చేతిలోని చొక్కా లాగి మంచం మీద పడేసింది.

"రా నాతో."

"యాడికి మే?"

ఆమె అతని చేయి పట్టుకుని హాల్లోకి తీసుకుపోయి మేడమ్ ఎదుట నిలబెట్టింది.

"మేడమ్, పొద్దున నేను అబద్ధం చెప్పాను. ఆయన జ్వరంతో పడుకుని ఉన్నాడు. నీళ్ళు పట్టాల్సింది నేను. సరిగ్గా పట్టలేదు" అని అరబ్బీలో చెప్పింది. తర్వాత భర్త వైపు తిరిగి మొత్తం తెలుగులో చెప్పింది. తోటకు పంపుతున్నది మెచ్చి కాదని కూడా చెప్పింది.



"నీ మాట మీదే కదా ఇన్నేళ్ళూ ఇల్లు వదిలి వెళ్ళాను" అంది మేడమ్. "అతను ఇక్కడే ఉంటాడు. ఆ పచ్చిక బతికేదాకా నీళ్ళు నువ్వే పట్టాలి. అతను చెప్పినట్టు."

వీరబ్రహ్మం ఆ మాటకు అర్థం అడగలేదు. పెరట్లోకి నడిచాడు. ఆమె దాన్ని తెలుగులో చెబుతూ వెనకే వెళ్ళింది. అతను గొంతుక్కూర్చుని పచ్చిక మూల ఎత్తి చూశాడు. కింద మట్టి పొడిపొడిగా రాలింది.

"గడ్డి పోతే మల్లా పరుస్తా" అన్నాడు తలెత్తకుండా. "నన్ను తల ఊపమన్నావే మల్లీ. నువ్వేం చెప్తివో తెలీక, నీ మొహం చూసి ఊపినా."

మల్లీశ్వరి అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను ఓదార్చలేదు. కాసేపటికి లేచి కుళాయి తిప్పి, పైపు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"ఈ మూల నుంచి పట్టు. తొక్కగాకు, పక్కనుంచి."

ఆమె కళ్ళు తుడుచుకుని పట్టింది. కొంతసేపయ్యాక "చాలా?" అని అడిగింది.

అతను పచ్చిక అంచు ఎత్తి, వేలు మట్టిలోకి గుచ్చి చూశాడు. "లే. ఇంకా దిగాల."

"నువ్వు లోపలికి పో, జ్వరం నుంచి ఇప్పుడే లేచినావు."

"నువ్వు పట్టు మే. నేనీడనే కూర్చుంటా" అన్నాడు వీరబ్రహ్మం.