పొదుపుగారింట్లో కరెంటు దొంగ

తాళం పగల్లేదు. బీరువా కదల్లేదు. కుక్క మొరగలేదు. అయినా మూడు నెలలుగా ఆ ఇంట్లో దొంగతనం జరుగుతూనే ఉంది.

పోతున్నది కరెంటు.

మధ్యాహ్నం మూడు గంటలకి కరెంటు ఆఫీసు విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు. వాన దంచి కొడుతోంది. గొడుగు ఆఫీసులోనే మరిచిపోయాడు. జేబులో పెన్నున్నా లేకపోయినా కరెంటుందో లేదో చూసే టెస్టర్ మాత్రం ఉంటుంది గనక ఆఫీసులో ఆయన పేరే టెస్టర్ అయిపోయింది. ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ చేతులూపుకుంటూ వెనక్కి వెళ్లాడు.

గేటు తీస్తుండగా ఫోన్ మోగింది. పై ఆఫీసరు.

"ఇవాళ కేసు బుక్ చేసి రావయ్యా. ఆ పెద్దమనిషి రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తోడేస్తున్నాడు."

"ఎవరి మీద సార్?"

"పైవాటాలో ఉన్నామె మీద. ఇంకెవరున్నారక్కడ?"

"ఆధారం?"

"నువ్వెళ్లింది అందుకేగా!"

ఫోన్ కట్ అయింది. టెస్టర్ పళ్లు నూరుకున్నాడు. కేసు రాయడం ఎంతసేపు? ఒక్క సంతకం. ఆ తర్వాత కనెక్షన్ తీసేస్తారు, పోలీస్ స్టేషన్‌కి పిలుస్తారు, ఇల్లు ఖాళీ చేయిస్తారు. పైవాటాలో ఉండేది ఒంటరి మనిషి. బట్టలు కుట్టి బతుకుతోంది. ఆమెకి అన్నం పెట్టేది కుట్టుమిషను మోటారే.

ఇంటాయన వరండాలో సిద్ధంగా ఉన్నాడు. మిల్లులో గోడౌన్ కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. వీధిలో అందరూ ఆయన్ని పొదుపుగారు అంటారు. ఆ మాట ఆయన చెవిన పడింది కూడా. బిరుదనుకున్నాడు.

"రండి. ఈసారైనా పట్టుకుంటారా, మళ్లీ మంచినీళ్లు తాగి వెళతారా?"

"బిల్లు ఎంత పెరిగింది?"

"రెండింతలు! ఈ ఇంట్లో ఫ్యాన్ తిరిగితే నాకు తెలియాలి, బల్బు వెలిగితే నాకు తెలియాలి. చూడండి!"

ఒక రేకుడబ్బా తెచ్చి మూత తీశాడు. నిండా చిన్నచిన్న ఎర్రబల్బులు.

"ఏమిటివి?"

"స్విచ్‌బోర్డుల్లో ఊరికే వెలుగుతుంటాయే, అవి. మొత్తం నేనే పీకేశాను. ఎవడికోసం వెలగాలి అవి? ఎండలు మొదలవగానే గీజరు కూడా బంద్ చేశాను. ఇంటిల్లిపాదికీ చన్నీళ్లే."

ఇంటిల్లిపాది అంటే ఆయనా, ఆయన భార్యా. ఆవిడ గుమ్మం పక్కన మోకాళ్లు పట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. 

"ఇంత చేశాక బిల్లు తగ్గాలా, పెరగాలా? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరేం పడతారులెండి!"

మెట్ల కింద రెండు మీటర్లు. ఒకటి కింది వాటాది, ఒకటి పైదానిది. మీటరు మీద చిన్న లైటుంటుంది. కరెంటు వాడే కొద్దీ మినుకుమంటుంది. ఎక్కువ వాడితే గబగబా మినుకుమంటుంది.

పై మీటరు చచ్చినట్టుంది. టెస్టర్ దాని పెట్టె తెరిచి చూశాడు. ఫ్యూజు లేదు.

"ఇక్కడి ఫ్యూజేదీ?"

"నా దగ్గరుంది." పొదుపుగారు చొక్కా జేబు తట్టుకున్నాడు. "మొన్ననే పీకాను. దొంగకి కరెంటొకటా?"

"అలా పీకే అధికారం మీకు లేదు."

"దోచుకునే అధికారం ఆవిడకుందా?"

అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. టైలరమ్మ దిగివచ్చింది. మెడలో టేపు, కళ్ల కింద నలుపు.

"సార్, నేను ఏ తప్పూ చెయ్యలేదు. స్కూలు యూనిఫాంలు ఒప్పుకున్నాను. రేపు పొద్దున్నే ఇవ్వాలి. సగం కూడా కాలేదు. ఇవ్వకపోతే వచ్చే ఏడు ఆ పని ఇంకొకరికిస్తారు. బాబాయిగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ ఫ్యూజు ఇచ్చెయ్యండి."

"బాబాయి అంటూనే కదమ్మా గొంతు కోశావు!"

టెస్టర్‌కి చిర్రెత్తుకొచ్చింది. "మీరు కాస్త ఆగుతారా? కింద వాటాలో అన్నీ ఆపెయ్యండి. ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసెయ్యండి."

అన్నీ ఆపారు. కింది మీటరు లైటు కదలలేదు. పోయినసారీ ఇంతే. అంతకుముందూ ఇంతే.

వాన తగ్గితే వెళ్లిపోదామనుకున్నాడు. తగ్గలేదు. మెట్ల కింద గోడకానుకుని నిలబడ్డాడు. షూలో నీళ్లు. ఛీ, ఏం ఉద్యోగమిది!

ఉన్నట్టుండి కింది మీటరు లైటు మినుకుమంది. ఇంకోసారి. తర్వాత ఆగకుండా, పిచ్చెక్కినట్టు.

"అదిగో! చూశారా!" పొదుపుగారు గెంతినంత పని చేశాడు. "నా లైన్లోంచి లాగి ఇస్త్రీపెట్టె ఆన్ చేసి దిగొచ్చింది! నంగనాచి!"

టెస్టర్ రెండేసి మెట్లెక్కి పైకి పరిగెత్తాడు. ఒకటే గది. కుట్టుమిషను. నేల మీద సగం కుట్టిన యూనిఫాంల గుట్ట. ఇస్త్రీపెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. జేబులోని టెస్టర్ తీసి ప్లగ్గులో గుచ్చాడు. వెలగలేదు.

మెట్ల గోడ వెంట ఒక పాత వైరు వేలాడుతోంది. పొదుపుగారు వేలు చూపించాడు. "ఇదే! దీంతోనే లాగుతోంది!"

టెస్టర్ దాన్ని పట్టి లాగాడు. మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. ఎప్పుడో తెగిపోయిన కాలింగ్ బెల్లు వైరు. కింద మీటరు ఇంకా మినుకుమంటూనే ఉంది.

కింది వాటా మెయిన్ ఆపాడు. లైటు ఆగింది. వేశాడు. మళ్లీ మొదలైంది.

"దొంగ ఈ నాలుగ్గోడల మధ్యే ఉన్నాడు," అన్నాడు.

"గోడల్లోంచి లాగుతోందేమో. పగలగొట్టి చూడండి."

"మీ ఇంటి గోడలు పగలగొట్టడానికా నాకు జీతం?"

ఫోన్ మళ్లీ మోగింది. "రాశావా?" అన్నాడు ఆఫీసరు. టెస్టర్ జవాబు చెప్పకుండా పెట్టేశాడు. కోపంలో చేసిన పనే. రేపు దానికి వేరే తిట్లుంటాయి. కానీ కారణం దొరక్కుండా వెనక్కి వెళితే ఇంకొకడొచ్చి ఆ సంతకం పెడతాడు. అదీ ఖాయమే.

జేబురుమాలు తడిసి ముద్దయింది. ఇంటావిడ అది చూసింది.

"ఇలా ఇవ్వు నాయనా, ఆరేస్తాను."

"ఈ వానలో ఏం ఆరుతుందమ్మా?"

"బాత్రూం పైపు మీద వేస్తే చిటికెలో ఆరిపోతుంది. వానలు మొదలైన దగ్గర్నుంచీ మా బట్టలకి అదే దిక్కు. దండెం మీద వేసినవి ముక్కిన వాసనొస్తున్నాయి."

టెస్టర్ చెయ్యి రుమాలుతో సహా గాలిలో ఆగిపోయింది.

"ఏ పైపమ్మా?"

* * *

అయిదు నిమిషాల తర్వాత ముగ్గుర్నీ బాత్రూం ముందుకి పిలిచాడు.

"గీజరు బంద్ చేశానన్నారు. ఎలా చేశారు?"

"స్విచ్ ఆపి," అన్నాడు పొదుపుగారు.

"ఆగిందని ఎలా తెలుసు?"

"రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ నేనే ఆఫ్ చేస్తాను. ఒక్కటి కూడా వదలను."

"లైటు వేసుకుని చూస్తారా?"

"స్విచ్చులు ఆపడానికి లైటెందుకండీ? దండగ. చీకట్లోనే తడుముకుంటూ వెళతాను. అన్నిట్నీ ఒకే వైపుకి నొక్కేస్తాను."

"అమ్మా, ఎర్రబల్బులున్న రోజుల్లో గీజరు ఆగిందో లేదో మీరెలా చూసేవారు?"

"ఎర్రలైటు ఆరితే ఆగినట్టు. స్విచ్చు పైకుందా కిందకుందా అని ఎవరు చూశారు నాయనా?"

"అక్కడే ఉంది తిరకాసు. ఈ స్విచ్చు బిగించినవాడు తలకిందులుగా బిగించాడు. ఇంట్లో మిగతావన్నీ ఎటు నొక్కితే ఆగుతాయో, ఇదొక్కటీ అటు నొక్కితే ఆన్ అవుతుంది. ఎర్రలైటున్నన్నాళ్లూ అది చూసి ఆపారు కాబట్టి ఇబ్బంది రాలేదు. పొదుపు చేద్దామని ఆ లైటు పీకారు. ఆ రోజునుంచి రాత్రి రాత్రీ మీ చేత్తో మీరే గీజరు ఆన్ చేస్తున్నారు."

పొదుపుగారు ఆ స్విచ్చుని వేలితో తడిమి చూశాడు.  

"మరి ఇందాక మీటరు ఆగి ఉందిగా?"

"నీళ్లు కాగితే గీజరు దానంతటదే ఆగుతుంది. చల్లబడితే మళ్లీ అందుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు చూసి రెండుసార్లు నేనూ మోసపోయాను. ఆ వేణ్ణీళ్ల పంపుకి గుడ్డెందుకు చుట్టారు?"

"కారుతోంది," అంది ఇంటావిడ. "చప్పుడుకి నిద్ర పట్టక చుట్టాను. వాడని పంపు కదా, రిపేరెందుకన్నారు ఈయన."

టెస్టర్ గుడ్డ విప్పాడు. బొట్టు బొట్టుగా కారుతున్న నీళ్ల కింద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు. కాలింది.

"ఈ వేణ్ణీళ్లు కారినకొద్దీ పైపు వేడెక్కుతుంది, గీజరు మళ్లీ మళ్లీ కాస్తుంది. చల్లనీళ్ల ఇంట్లో పైపు మీద బట్టలు ఆరుతున్నాయి. ఎందుకారుతున్నాయని ఒక్కరూ అడగలేదు. పైనున్న మనిషిని మాత్రం దొంగని చేశారు."

గీజరు స్విచ్చు రెండోవైపుకి నొక్కాడు. టైలరమ్మ మెట్ల కిందికి పరిగెత్తింది.

"ఆగింది సార్! మీటరు ఆగింది!"

ఆ గొంతులో ఏడుపుంది. టెస్టర్ పొదుపుగారి ముందు చెయ్యి చాపాడు.

"ఫ్యూజు."

పెద్దాయన జేబులోంచి తీశాడు.  "నేను మంచికే కదండీ చేశాను..."

"మంచికే. ఆమె రెండు రోజుల బతుకు జేబులో వేసుకుని తిరిగారు. ఇవాళ నేను కేసు రాయాలంటే మీ మీదే రాయాలి."

రాయలేదు. ఫ్యూజు తీసుకెళ్లి పెట్టెలో బిగించాడు. టైలరమ్మ దణ్ణం పెట్టబోయి మధ్యలోనే ఆపి పైకి పరిగెత్తింది. దణ్ణాలకి కూడా టైం లేదు ఆమెకి. నిమిషం తిరక్కుండా పైన మిషను మోత మొదలైంది.

"అమ్మాయ్!" పొదుపుగారు మెట్ల దగ్గరికెళ్లి పిలిచాడు.  మోతలో ఆమెకి వినబడలేదు. మళ్లీ పిలవడానికి ధైర్యం చాలక వెనక్కొచ్చాడు.

బాత్రూం గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. భుజాన తువ్వాలు.

"ఎక్కడికే?"

"స్నానానికి."

"పొద్దున చేశావుగా?"

"చేశాను. చన్నీళ్లతో." ఆవిడ గొంతు పెంచలేదు. "మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని ఏడ్చుకుంటూ పోసుకున్నాను, మూడు నెలలు. నెత్తి మీద అన్ని వేణ్ణీళ్లు మరుగుతుంటే."

లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. పంపు తిప్పిన చప్పుడైంది. తలుపు కింది సందులోంచి ఆవిరి వచ్చింది.

కాసేపటికి లోపలినుంచి మాట వినబడింది.

"ఏమండీ! నీళ్లు చల్లబడేట్టున్నాయి. ఆ స్విచ్చు వెయ్యండి."

పొదుపుగారు స్విచ్చు ముందు నిలబడ్డాడు. అటూ ఇటూ నొక్కాడు. ఆన్ అయిందో ఆగిందో తెలియలేదు. టెస్టర్ వైపు చూశాడు.

టెస్టర్ రేకుడబ్బాలోంచి ఒక ఎర్రబల్బు తీసి ఆయన చేతిలో పెట్టి, వానలోకి నడిచాడు.