నలభై నల్లపిల్లులు

"ఇంకా పదకొండు కార్డులేనా! నువ్విలా గీస్తూ కూర్చుంటే ఈస్టర్ వెళ్లిపోయి క్రిస్మస్ వచ్చేస్తుంది," అంది తూవా.

లైబ్రరీ బల్ల మీద వంగి కూర్చున్న ఆమె స్నేహితురాలు ఇదిల్ తల ఎత్తలేదు. "పక్కింటి హలీమెకి తులిప్ పూలంటే ఇష్టం కదా. రేకులు సరిగ్గా రావట్లేదు."

తూవాకి ఒళ్లు మండింది. ఆ రోజు ఈస్టర్ ముందు వచ్చే గురువారం. మా టూర్‌స్టా ఊళ్లో ఆ రోజు పిల్లలు మంత్రగత్తెల వేషం వేస్తారు. తలకి రుమాలు, అమ్మల పాత స్కర్టులు, ఎర్రటి బుగ్గలు, ముక్కు మీద పెన్సిల్ చుక్కలు. ఇంటింటికీ వెళ్లి, చేత్తో గీసిన కార్డు ఇస్తే చాక్లెట్లు పెడతారు. కార్డు లేకపోతే చాక్లెట్టూ లేదు.

తూవా దగ్గర ఒక్కటే కార్డు ఉంది. చీపురు మీద ఎగిరే నల్లపిల్లి. నిజం చెప్పొద్దూ, భలే కుదిరింది. పదేళ్ల పిల్ల గీసిందంటే ఎవరూ నమ్మరు. నలభై ఇళ్లకి సరిపడా అలాంటివి ఇంకో ముప్పై తొమ్మిది గీయడం ఎవరి తరం? అప్పుడే ఆమె కన్ను మూలనున్న జిరాక్స్ మిషన్ మీద పడింది.

"అది మోసం," అంది ఇదిల్.

"గీసింది నేనే కదా! మోసమెలా అవుతుంది?"

పది నిమిషాల్లో నలభై పిల్లులు తయారయ్యాయి. ముక్కులకి ఎర్రరంగు పూసేసరికి, అన్నీ విడివిడిగా గీసినట్టే ఉన్నాయి.

సాయంత్రానికి తూవా బుట్ట నిండిపోయింది. చివరి ఇల్లు నాలుగో అంతస్తులో ఉండే ఫోల్కెది. ఆయనకి ఎనభై దాటాయి. అయినా మా దగ్గర చిన్నా పెద్దా అందరినీ పేరుతోనే పిలుస్తాం.

ఫోల్కె కార్డు అందుకుని కళ్లజోడు సర్దుకున్నాడు.

"సిక్స్‌టెన్! నా సిక్స్‌టెనే! వాడు పోయి రెండు నెలలైంది. ఇంకెవరికీ గుర్తులేడనుకున్నాను. నీకు గుర్తున్నాడా తల్లీ?"

ఆయనకో పిల్లి ఉండేదన్న సంగతే తూవాకి గుర్తులేదు. అయినా తల ఊపింది.

"ఊ," అంది.

ఫోల్కె గిన్నెలోని చాక్లెట్లన్నీ ఆమె బుట్టలో ఒంపేశాడు. మెట్లు దిగుతుంటే, వెంట వచ్చిన ఇదిల్ ఆ బుట్ట వంక చూసి ముందుకి నడిచేసింది. ఆమె తిట్టినా బాగుండేదనిపించింది తూవాకి.

శనివారం మధ్యాహ్నం అందరూ రైల్వేస్టేషన్ కింద నడకదారి సొరంగంలో చేరారు. మాకు ఇదో ఆనవాయితీ. మా గోడల మీద బొమ్మలేసే రాగ్న ఒక గోడకి కొత్త రంగు వేసి ఉంచుతుంది. ఎవరికి వచ్చిన కార్డులు వాళ్లు తెచ్చి దాని మీద అంటిస్తారు. మళ్లీ ఈస్టర్ దాకా అవి అక్కడే ఉంటాయి. చాక్లెట్ల ధ్యాసలో తూవా ఈ సంగతే మరిచిపోయింది.

"ఏయ్ తూవా! నీ పిల్లులు నా గోడని ఆక్రమించేశాయే!" అని నిచ్చెన మీంచి అరిచింది రాగ్న. ఆమె చేతిలోని బ్రష్ నుంచి మైదా జిగురు కారుతోంది.

"మా ఇంట్లోనూ ఇదే పిల్లి, కిందింట్లోనూ ఇదే పిల్లి. పాపం, ఒకే కాన్పులో పుట్టాయేమో!" అంది హలీమె. అందరూ గొల్లున నవ్వారు.

తూవా చెవులు ఎర్రబడ్డాయి. వాళ్లు నవ్వితే నవ్వనీ! ఇప్పుడు ఫోల్కె వస్తాడు. గోడ చూస్తాడు. అప్పుడో?

గబగబా ఒక కార్డు పీకింది. సగం తల చేతికొచ్చింది, సగం గోడకే ఉండిపోయింది.

"అన్నీ పీకుతావా?" అంది ఇదిల్.

అంతలో బయట ఫోల్కె వాకర్ చక్రాల చప్పుడు వినిపించింది. సొరంగానికి అటువైపు కూడా దారి ఉంది. పారిపోవచ్చు. కానీ ఆమె ఆయనకి ఎదురు పరుగెత్తింది.

ఫోల్కె టై కట్టుకుని వచ్చాడు. కార్డు నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

"వీడికి మంచి చోటు నువ్వే చూడు," అన్నాడు.

"లోపలికి వెళ్లకు ఫోల్కె. అది సిక్స్‌టెన్ కాదు. ఊరికే ఒక పిల్లి. ఒకటి గీసి, మిగతావన్నీ జిరాక్స్ తీశాను. గోడనిండా అదే ఉంది. నాకు సిక్స్‌టెన్ గుర్తే లేడు. నీకు అబద్ధం చెప్పాను."

ఫోల్కె కార్డు వంక చూశాడు.

"రెండు రోజులుగా దీనికి గుడ్ మార్నింగ్ చెబుతున్నాను," అన్నాడు మెల్లగా.

తూవాకి ఏడుపొచ్చింది. "సారీ," అంది.

ఫోల్కె ముక్కు చీదుకున్నాడు.

"తోక దగ్గర నాకూ అనుమానం వచ్చిందిలే. వాడికి సగం తోకే ఉండేది. పైగా చీపురంటే చచ్చే భయం. ఎక్కడం మాట దేవుడెరుగు, దాన్ని చూస్తే చాలు, మంచం కింద దూరేవాడు."

తూవా కళ్లు తుడుచుకుంది. ఇదిల్ దగ్గర ఒక తెల్లకాగితం అడిగి తెచ్చి, నేల మీద చతికిలబడింది.

"ఇంకా చెప్పు. చెవులెలా ఉండేవి?"

ఫోల్కె వాకర్ సీటు మీద కూర్చున్నాడు. "ఒకటి వంగి ఉండేది. చేప వాసన తగిలితే మాత్రం నిటారుగా లేచేది."

"లావా, సన్నమా?"

"వాడి ముందు లావని అనకు, అలుగుతాడు!"

మొదటి బొమ్మ చూసి ఫోల్కె తల అడ్డంగా ఊపాడు. రెండోది కూడా సిక్స్‌టెన్ కాలేదు. బయట పిల్లలు ఈస్టర్‌కి రంగులేసిన గుడ్లు దొర్లించే ఆట మొదలుపెట్టారు. "తూవా, రావే!" అని కేకలేశారు. "తోక ఎంతవరకు?" అని ఫోల్కెని అడిగింది తూవా. ఫోల్కె రెండు వేళ్లతో చూపించాడు.

మూడో బొమ్మని ఆయన కళ్లకి దగ్గరగా పట్టుకుని చూశాడు. దాని వీపు మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు. తర్వాత మడతపడకుండా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది గోడకి ఇవ్వను. కావాలంటే ఆ చీపురు పిల్లిని అంటించుకోండి," అన్నాడు.

తూవా లేచి స్కర్టు దులుపుకుంది. ఇంకో తెల్లకాగితం తీసుకుని హలీమె దగ్గరికి వెళ్లింది.

"నీకేం గీయమంటావు?"

"ఏం, మళ్లీ జిరాక్సా?" అని వేళాకోళమాడింది హలీమె.

"కాదు. ఇలా కూర్చో. కాస్త టైం పడుతుంది," అంది తూవా, పెన్సిల్ చెక్కుకుంటూ.