తలుపు తీసినవారు

మా కౌంటీలో నీళ్ళు బాగున్నాయని కాగితం మీద రాసేది నేనే. పంతొమ్మిదేళ్ళుగా నా పని అదే. నెలకోసారి పది ఇళ్ళకు వెళ్ళాలి. వంటింటి కుళాయి ఐదు నిమిషాలు వదిలి, దాని మూతిని మంటతో కాల్చి, చిన్న సీసాలో నీళ్ళు పట్టాలి. పది సీసాలూ ఐసు పెట్టెలో సర్ది పరీక్షలకు ల్యాబుకు పంపాలి. వాటితో పాటు ఒక కాగితం ఉంటుంది. ఇంటి చిరునామా, టైము, చివరి గడిలో 'తలుపు తీసినవారు'. అంటే మనల్ని లోపలికి రానిచ్చిన మనిషి పేరు.

అది పద్ధతి. నేను చేసేది వేరు. మా ఆఫీసు ఎదురుగా చర్చి ఉంది. ట్యాంకుకు దగ్గర కాబట్టి చర్చి కింది గదిలో కుళాయి నీళ్ళు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. పది సీసాలూ అక్కడే నింపేవాణ్ణి. కాఫీ చల్లారేలోపు పని అయిపోయేది. లోయ చివరి ఇళ్ళకు పోయే పైపులు నాకంటే వయసులో పెద్దవి. అక్కడ నిజంగా పడితే ప్రతి నెలా తప్పు తేలుతుంది. "మంచి సీసాలు పట్టుకురావోయ్ డెల్మర్" అనేవాడు మా ఆఫీసరు బర్ల్. మంచి సీసాలంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

కాగితంలో తొమ్మిదో ఇల్లు ఓర్ఫా అవ్వది. లోయలో చివరి ఇల్లు. ఆవిడ గోధుమరంగు నీళ్ళను గాజు జాడీల్లో పట్టి, తేదీ చీటీలు అంటించి, కిటికీలో వరసగా పెట్టేది. ఒకసారి ఒక జాడీ తెచ్చి కౌంటీ మీటింగులో బల్ల మీద పెట్టింది. "మీలో ఎవరైనా ఒక్క గుక్క తాగండి నాయనా, నేను నోరు మూసుకుని ఇంటికి పోతా" అంది. ఎవరూ తాగలేదు. నేను పైకప్పు చూస్తూ కూర్చున్నాను.

పోయిన మార్చిలో ఆవిడ కడుపు జబ్బుతో ఆస్పత్రిలో పోయింది. మీటరు కట్టేసి తాళం వేసింది నేనే. జాబితాలో ఇల్లు మార్చాలంటే పైకి ఉత్తరాలు రాయాలి, నెల పట్టే పని. బద్ధకించి వదిలేశాను. తలుపు తీసినవారు: ఓర్ఫా. పదకొండు నెలలు అలాగే రాశాను.

పదో ఇల్లు మా అమ్మాయి కార్లీన్‌ది. అవ్వ ఇంటికి కాస్త దిగువన, అదే పైపు మీద. ఆ గడిలో ఎప్పుడూ కార్లీన్ పేరే రాసేవాణ్ణి. ఈ నెల మాత్రం సరదాగా మనవరాలి పేరు రాశాను. జూనీకి ఎనిమిది నెలలు. తాత వస్తే అదే వచ్చి తలుపు తీసిందని ఊహించుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం ల్యాబు నుంచి ఫోను వచ్చింది.

"తొమ్మిదో సీసా చెడ్డది వచ్చిందండీ. మురుగు కలిసింది. ఇవాళే ఆ ఇంటికి వెళ్ళి మళ్ళీ పట్టాలి" అంది ఆ అమ్మాయి.

నవ్వు వచ్చింది నాకు. పదీ ఒకే కుళాయి నీళ్ళాయె. తొమ్మిదోది చెడితే అన్నీ చెడాలి. "సరిగ్గా చూశావా తల్లీ?"

"రెండుసార్లు చూశాను. పోయినసారి తలుపు తీసినావిడే ఉంటే మంచిది. ఓర్ఫా గారు."

బర్ల్ చేతులు దులిపేసుకున్నాడు. "చర్చికి పోయి ఇంకోటి పట్టుకురా. పైవాళ్ళకేం తెలుస్తుంది?" నేను సీసా తీసుకుని లేచాను కూడా. అప్పుడే కార్లీన్ ఫోను చేసింది.

"నాన్నా, పిల్లకి మళ్ళీ విరేచనాలు. రెండు రోజులైంది, పాలు నిలవడం లేదు. పాలపొడి ఈ నీళ్ళలోనే కలుపుతున్నా. నీళ్ళు బాగానే ఉన్నాయి కదా?"

చెబితే పంతొమ్మిదేళ్ళదీ చెప్పాలి. "కాగితం చూశానమ్మా. మీ ఇల్లు బాగానే ఉంది" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను అసహ్యించుకుంటాను. ఫోను పెట్టేశాక చర్చికి వెళ్ళలేకపోయాను. బండి లోయవైపు తిప్పాను.

పట్టపగలే అయినా లోయలో పొగమంచు కమ్మి ఉంది. కార్లీన్ ఇంటి ముందు బండి లేదు. ఆస్పత్రికి వెళ్ళి ఉంటుందిలే అనుకుని కాస్త ఊపిరి పీల్చుకుని పైకి పోయాను. అవ్వ ఇంటి ముందు మీటరు మూత తీశాను. నేను వేసిన తాళం అలాగే ఉంది, తుప్పు పట్టి. తాళం కింద మీటరు ముల్లు మాత్రం... మెల్లగా తిరుగుతోంది.

ఇంట్లో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది.

తలుపు తట్టలేదు నేను. గడియ తీసిన శబ్దం వినిపించి, తలుపు జానెడు తెరుచుకుంది. లోపల ఎవరూ కనపడలేదు. అడుగు లోపల పెట్టాను. కుళ్ళిన గుడ్ల వాసన, తడిసిన ఇనుము వాసన గుప్పుమన్నాయి. వంటింటి కిటికీ నిండా జాడీలు. వాటిలోంచి పడే వెలుతురుతో గదంతా టీ డికాషన్ రంగులో ఉంది. కుళాయి సన్నగా పారుతోంది.

చీటీలు చదివాను. అవ్వ చేతిరాత. మార్చి దాకా ఉంటాయనుకున్నాను. ఏప్రిల్ ఉంది. మే ఉంది. పదకొండు జాడీలు... నేను కాగితం రాసిన పదకొండు తేదీలు. పన్నెండోది ఖాళీగా ఉంది, చీటీ మీద ఇవాళ్టి తేదీ. సిరా ఇంకా ఆరలేదు.

అలవాటైన పని చేసుకుపోయాను. ముందు చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి పరీక్ష పొడి వేశాను. క్రిములను చంపే క్లోరిన్ మందు ఉన్న నీళ్ళయితే గులాబీ రంగు రావాలి. ఊపాను. మళ్ళీ ఊపాను. రంగు రాలేదు.

"రాదు డెల్మర్."

గుసగుస నా భుజం వెనక నుంచే. తిరిగి చూసే ధైర్యం లేదు.

"అవ్వా... నువ్వు..."

"పోదామనే అనుకున్నా. నువ్వు పోనిస్తేగా? నెలనెలా రాస్తివి, నేను తలుపు తీశానని. తీయక ఏం చేయను?"

మెడ మీద చల్లటి తడి తగిలింది. సీసా నింపాను, మూత బిగించాను.

"పద్నాలుగేళ్ళు అడిగా నిన్ను. ఒక్కసారి నిజం రాయమని." తర్వాత, జాలిగా... నిజంగానే జాలిగా అంది. "పదో గడిలో ఎవరి పేరు రాశావురా?"

ఎలా బయటపడ్డానో తెలియదు. బండి అక్కడే వదిలి పరుగెత్తాను. లోయ మొత్తంలో ఫోను పలికేది కార్లీన్ వరండాలోనే. అక్కడికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. ఫోను చేస్తే వెంటనే ఎత్తింది.

"ఆస్పత్రిలో ఉన్నాం నాన్నా. సూది ఎక్కడం లేదంటున్నారు. ఒళ్ళంతా చల్లబడింది."

"నీళ్ళు మంచివి కావమ్మా. నేను అబద్ధం చెప్పాను. ఎప్పుడూ అబద్ధమే రాశాను. డాక్టరుకు చెప్పు, మురుగు..."

"డాక్టరు పిలుస్తున్నాడు. పెట్టేయకు" అంది కార్లీన్. ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు, పరిగెత్తే అడుగులు. తర్వాత అటునుంచి ఏమీ వినిపించలేదు.

తాళం వేసిన కార్లీన్ ఇంట్లో వంటింటి కుళాయి పారడం మొదలైంది.

జేబులోంచి కాగితం కాపీ తీశాను. పదో గడిలో ఆ పేరు కొట్టేయబోయాను. గీత పడలేదు. కాగితం తడిగా ఉంది, ఎక్కడ తడిసిందో తెలియదు. మళ్ళీ గీశాను. గట్టిగా, అడ్డంగా, నిలువుగా...

తలుపు అవతల, నా మోకాలికంటే కింద, మెత్తటి అరచేతులు చెక్కను తడుముతున్న శబ్దం. పైన, పిల్లకు అందనంత ఎత్తులో, గుండ్రటి పిడి కదిలింది.

కాగితం చిరిగింది. చిరిగిన ముక్క మీద పేరు చెక్కుచెదరకుండా ఉంది. జూనీ.

లోపల గడియ తీసిన చప్పుడు... తలుపు జానెడు తెరుచుకుంది.