టోపీ మీదైతే టోపీ తీసుకోండి

"ఏవండీ! ఆగండి! ఆ పిల్ల మాది!"

బీచ్ రోడ్డు బస్టాపులో జనమంతా వెనక్కి తిరిగి చూశారు, చూడాల్సిన మనిషి తప్ప. అతను తాపీగా ముగ్గురు పిల్లల్ని బస్సెక్కించే పనిలో ఉన్నాడు. ముగ్గురి నెత్తినా పసుపు టోపీలు, మోకాళ్ళ దాకా ఇసుక. ఆ చివరి టోపీ కింద ఉన్నది పిచ్చుక. అంటే, చెప్పులు చేత్తో పట్టుకుని అరుస్తూ పరుగెత్తుకొస్తున్న ఆమె ఐదేళ్ళ కూతురు. పొద్దస్తమానం కిచకిచలాడుతుందని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు.

ఆమె వస్తూనే కూతురి చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి అతను వదల్లేదు.

"పొరబడ్డారండీ. ఇది మా గుమ్మడి. మా అక్క కూతురు."

"గుమ్మడేంటి? ఇది నా కూతురు!"

"కోప్పడకండి, ఇటు చూడండి." అతను పిల్ల టోపీ అంచు మడిచి లోపలి వైపు చూపించాడు. "నేను టైలర్ని. మా వాళ్ళ ముగ్గురికీ ఒకే గుడ్డలో నేనే కుట్టాను. నా కుట్టు నాకు తెలీదా?"

"టోపీ మీదైతే టోపీ తీసుకోండి. పిల్లని మాత్రం కన్నది నేనే."

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు గానీ అతనికి అనుమానం రాలేదు. కిందకి వంగి, ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా పిల్ల ముఖంలోకి చూశాడు.

"హాయ్ అంకుల్," అంది పిచ్చుక. "మనం బస్సెక్కట్లేదా?"

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో! మరి మా గుమ్మడేదీ?"

అతన్ని నలుగురిలో కడిగేద్దామని నోరు తెరిచిన ఆమె, ఆ గొంతు విని ఆగిపోయింది. కాసేపటి క్రితం తన గొంతు కూడా అచ్చం అలాగే ఉంది. అప్పటికే కవల మేనల్లుళ్ళిద్దరూ మేనమామ చొక్కా లాగుతున్నారు.

"మేం ఇందాకే చెప్పాం మామయ్యా!"

"ఏం చెప్పార్రా?"

"'మామయ్యా' అన్నాం. నువ్వేమో 'మాటలాపండి, బస్సెళ్ళిపోతుంది' అన్నావు."

అందరూ కలిసి మళ్ళీ ఇసుకలోకి పరుగు తీశారు. అక్కడ గొడుగు కింద ఆమె అత్తగారు కుర్చీలో నిమ్మళంగా కూర్చుని ఉంది. ఆవిడ కాళ్ళ దగ్గర బొద్దుగా ఒక పిల్ల, ఒళ్ళో పిచ్చుక ఎర్ర బకెట్టు పెట్టుకుని బిస్కెట్లు తింటోంది. టైలర్ ఆ పిల్లని అమాంతం ఎత్తుకుని గుండెకి హత్తుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోవాలని తోచలేదు అతనికి.

జరిగిందేమిటంటే, గుమ్మడికి బకెట్టు నచ్చింది, పిచ్చుకకి టోపీ నచ్చింది. ఇద్దరూ మార్చేసుకున్నారు. బస్సంటే ప్రాణమిచ్చే పిచ్చుక, అతను పిలిచిందే చాలని వాళ్ళ వెంట నడిచింది.

"మీకైనా అనుమానం రాలేదా అత్తయ్యా?"

"ఎందుకు రాదూ? ఇది మన పిల్ల కాదని నాకు తెలుసు. కానీ బకెట్టు మనదేగా, దాని కోసమైనా పిచ్చుక వస్తుందిలే అనుకున్నా. ఈలోగా ఇది బిస్కెట్లు అడిగింది, పెట్టా," అంది అత్తగారు.

ఒకరేమో టోపీని నమ్ముకున్నారు, ఒకరు బకెట్టుని. ఇక ఎవర్ని తిడుతుంది ఆమె? నవ్వొచ్చింది. నవ్వుతూనే బ్యాగులోంచి తను పని చేసే కళ్ళజోళ్ళ షాపు కార్డు తీసి అతని చేతిలో పెట్టింది.

"అక్కడ కళ్ళు పరీక్ష చేసేది నేనే. ఒకసారి రండి. పాడయింది మీ బుద్ధి కాదనే నా అనుమానం."

* * *

అతను నిజంగానే వచ్చాడు. కుర్చీలో బడిపిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నాడు.

"గోడ మీద పై వరుసలో అక్షరం చెప్పండి."

అతను గోడ వైపు చాలాసేపు చూశాడు. "గోడ మీద ఏమైనా ఉందాండీ?"

"బస్సు నంబర్లు ఎలా చదువుతున్నారు ఇన్నాళ్ళూ?"

"కవలలు చదువుతారు. చదువు వస్తుంది కదా అని వాళ్ళ చేతే చదివిస్తానని అక్కతో చెబుతుంటా."

"వాళ్ళు పుట్టక ముందు?"

అతను నీళ్ళు నమిలాడు. "ఎక్కి అడిగేవాణ్ణి."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. సూదిలో దారం ఒక్క దెబ్బకి ఎక్కించే మనిషి కాబట్టి తన కళ్ళకి లోటు ఉందని అతనికి ఎన్నడూ తోచలేదు. మూరెడు దూరం అవతల లోకమంతా అందరికీ మసకగానే ఉంటుందని అనుకున్నాడు. ఆమె పరీక్ష ఫ్రేము అతని ముక్కు మీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మార్చుకుంటూ వెళ్ళింది.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"ఇందాకటిది."

"ఇప్పుడు?"

అతను గోడ వైపు చూడడం మానేసి, బల్ల దగ్గర నిలబడ్డ ఆమె వైపు చూస్తున్నాడు.

"అక్షరాలు అటున్నాయి," అంది ఆమె.

"తెలుసండీ. మీరు నవ్వుతారన్నమాట! మొన్న బస్టాపులో తిడుతున్నారేమో అనుకున్నా."

"మొన్న తిట్టబోయాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు పై వరుస చదవండి," అంది గాని, ఆ మాట అన్న గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆ సాయంత్రం స్కూటర్ స్టార్ట్ చేస్తూ కూడా ఎందుకో నవ్వుకుంది.

* * *

ఆ వేసవంతా ఆదివారాలు కలిసే గడిచాయి. అతని అక్క ఆస్పత్రిలో నర్సు. ఆదివారం డ్యూటీ కాబట్టి పిల్లల్ని బీచ్‌కి తీసుకురావడం అతని వంతు. భర్త పోయాక పిచ్చుకకి ఏ లోటూ రాకూడదని ఒక్క ఆదివారం కూడా వదలకుండా బీచ్‌కి తీసుకొస్తుంది ఆమె. అత్తగారు కుర్చీ, గొడుగు, బిస్కెట్ల డబ్బాతో వచ్చి సముద్రం మీద కూడా ఒక కన్నేసి ఉంచుతుంది.

కవలలు ఇసుకలో గోతులు తవ్వుతారు. ఆ గోతుల్లో టైలర్ పడతాడు. కళ్ళజోడు వచ్చాక కూడా పడుతూనే ఉన్నాడంటే కావాలనే పడుతున్నాడని పెద్దవాళ్ళకి అర్థమైపోయింది.

ఒకరోజు అతను షాపులో మిగిలిన గుడ్డ ముక్కలన్నీ కలిపి కుట్టిన పెద్ద పందిరి తెచ్చాడు. నాలుగు కర్రలు పాతి కట్టాడో లేదో, ఎక్కణ్ణుంచో వేసవి వాన వచ్చి పడింది. పిల్లలు కేరింతలు కొడుతూ లోపలికి దూరారు. అందరూ పొడిగానే ఉన్నారు, కర్ర పట్టుకుని నిలబడ్డ అతని మెడ మీదే నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏవయ్యా టైలరూ, సరిగ్గా నీ నెత్తి మీదే కారేలా కుట్టుకున్నావేం?" అంది అత్తగారు.

"మీ మీద కారకూడదని చూసుకున్నానమ్మా. నా సంగతి గుర్తు రాలేదు."

అత్తగారు కిలకిలా నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో వినపడి చాలా కాలమైంది. ఆమె మాత్రం నవ్వలేదు. తడిసిన జుట్టుతో నిలబడ్డ అతన్ని చూస్తుంటే, ఈ మనిషంటే తనకి ఇష్టమని ఆమెకి అప్పుడే తెలిసింది. తెలిసి భయపడింది కూడా.

వాన తగ్గేసరికి పిచ్చుక అతని ఒళ్ళో నిద్రపోయింది. అది లేచేదాకా అతను కదల్లేదు. తర్వాత లేవబోతే కాలు తిమ్మిరెక్కి, పట్టుకోవడానికి ఆమె చెయ్యి అందించాల్సి వచ్చింది. తిమ్మిరి వదిలాక కూడా చెయ్యి వదలడానికి ఇద్దరికీ కాస్త ఆలస్యమైంది.

* * *

సెలవులు అయిపోవచ్చాయి. ఆ ఆదివారం అలల అంచున నడుస్తూ అతను చెప్పాడు.

"వచ్చే వారం నుంచి అక్కకి ఆదివారాలు సెలవట. పిల్లల్ని తనే చూసుకుంటుంది."

"అయితే మీకు హాయే."

"హాయేం కాదు. ఇక్కడికి రావడానికి నాకు సాకు ఉండదు." అతను ఆగాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. పిచ్చుకంటే ఇష్టం. మీ అత్తగారన్నా ఇష్టమే, ఆవిడంటే మాత్రం కాస్త భయం కూడా. మీరు సరే అంటే పెళ్ళి చేసుకుందాం."

వెనక నుంచి గుమ్మడి అరిచింది. "మామయ్యా, పీత!"

"ఆగవే తల్లీ, నేనిక్కడ పీకల్లోతు కష్టంలో ఉన్నా!"

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నాకూ మీరంటే ఇష్టమే. కానీ అత్తయ్యకి మేమిద్దరమే దిక్కు. కొడుకు పోయాక నన్నూ పిచ్చుకనీ చూసుకునే బతుకుతోంది."

"ఆవిణ్ణి వదిలి రమ్మని నేననలేదే! అందరం కలిసే ఉందాం. నేను అడగనా?"

"వద్దు! అడిగితే సరే అంటుంది. నా సుఖం కోసం నవ్వుతూ సరే అని, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడుస్తుంది. కొడుకు స్థానంలో ఇంకొకర్ని చూడమని నేనెలా అడగను? ఆ 'సరే' నాకొద్దండీ."

"మీరు బాధపడేది నేనూ అడగను," అన్నాడు. వెళ్ళేటప్పుడు పిచ్చుక తల నిమిరాడు. ఆమె వైపు చూడలేదు.

* * *

తర్వాతి ఆదివారం బీచ్ వెలవెలబోయింది. జనం మామూలుగానే ఉన్నారనుకోండి. పిచ్చుక బకెట్టు బోర్లించి దాని మీద మూతి ముడుచుకుని కూర్చుంది.

"గుమ్మడి రాలేదు. కవలలు రాలేదు. టైలర్ మామయ్య రాలేదు. సముద్రం ఒక్కటే వచ్చింది."

అత్తగారు కోడల్ని తేరిపార చూసింది. "మీరిద్దరూ పోట్లాడుకున్నారా?"

"లేదత్తయ్యా."

"పోట్లాటైతే సర్దిచెప్పేదాన్ని. ఇదింకేదో. చెప్పు."

అత్తగారితో అబద్ధం ఆడడం ఆమెకి ఏనాడూ చేతకాలేదు. తలవంచుకుని, ఇసుకలో వేలితో గీతలు గీస్తూ అంతా చెప్పేసింది. అతను అడిగింది, తను కాదన్నది, ఎందుకు కాదన్నది. చెప్పి తలెత్తి చూస్తే అత్తగారి కళ్ళలో నీళ్ళు లేవు. కోపం ఉంది.

"అంటే నా తరఫున నువ్వే ఆలోచించావు, నువ్వే బాధపడ్డావు, నువ్వే ఏడ్చావు. నన్నడగడం ఒక్కటే మర్చిపోయావన్నమాట."

"అడిగితే మీరు సరే అంటారు అత్తయ్యా, ఎంత కష్టంగా ఉన్నా."

"ఓహో! నేనంత మంచిదాన్నా?" ఆవిడ కుర్చీ మడిచింది. "లే. స్కూటర్ తియ్యి."

"ఎక్కడికి?"

"కుట్టించుకోవాల్సింది ఉంది."

దారిలో ఒక బట్టల కొట్టు ముందు స్కూటర్ ఆపించి, పిచ్చుకని కోడలికి అప్పగించి, ఒక్కతే లోపలికి వెళ్ళి పొట్లంతో వచ్చింది.

టైలర్ షాపులో అతను ఒక్కడే మెషిన్ ముందు కూర్చుని ఉన్నాడు. మెషిన్ తిరగడం లేదు. మెడలో టేపుతో గబుక్కున లేచి నిలబడ్డాడు. అత్తగారు పొట్లం విప్పి బల్ల మీద పరిచింది. ముదురు నీలం రంగు, మెరిసే జాకెట్టు గుడ్డ. కొడుకు పోయాక ఆవిడ బూడిద రంగు తప్ప కట్టలేదు.

"కొలతలు తీసుకో. చేతులు మోచేతుల దాకా ఉండాలి. బిగుతుగా కుట్టావంటే ఊరుకోను."

"అలాగేనమ్మా. ఎప్పటికి కావాలి?"

"పెళ్ళి నాటికి."

"ఎవరి పెళ్ళమ్మా?"

"నా కూతురిది," అని అత్తగారు గుమ్మంలో పిచ్చుకతో నిలబడ్డ కోడలి వైపు చెయ్యి చూపించింది. "పెళ్ళికొడుకుది టైలరింగే. నా దగ్గర కుట్టుకూలి తీసుకోడనే అనుకుంటున్నా."

అతని చేతిలో సుద్దముక్క కింద పడి విరిగింది. ఆమెకి మాత్రం సంతోషం కంటే ముందు భయమే వేసింది. గుడ్డ కొన్నంత మాత్రాన ఏం తెలుస్తుంది? మంచి మనసున్న మనిషి నవ్వుతూ నీలం గుడ్డ కూడా కొనగలదు.

"అత్తయ్యా, నా కోసం మీరు..."

"నువ్వుండు. ఇంకా అయిపోలేదు." ఆవిడ అతని వైపు తిరిగింది. "మీ మేడ మీద ఎండ పడే గది ఉందన్నావు కదా ఆ మధ్య, అందులో ఏం పెట్టావు?"

"పాత మెషిన్, గుడ్డల మూటలమ్మా."

"తీసేయ్. ఆ గది నాది. రాత్రి భోజనాలకి అందరూ వేళకి రావాలి, నేను ఎదురుచూడను. పిచ్చుక నా పక్కనే పడుకుంటుంది. ఆదివారం గుమ్మడినీ కవలల్నీ బీచ్‌కి తేవాల్సిందే, మీ అక్కకి సెలవైతే ఆవిణ్ణీ తీసుకురా. గుమ్మడి బిస్కెట్లు ఎక్కువ తింటుంది, ఆ డబ్బా నువ్వే కొనాలి. ఆ పందిరి చిల్లు కుట్టావా?"

"కుట్టానమ్మా. ఇంకా ఏమైనా..."

"గుర్తొస్తే చెబుతా."

గుమ్మంలో నిలబడి వింటున్న ఆమెకి ఒక్కొక్క షరతుకీ గుండె తేలికపడుతూ వచ్చింది. తన కోసం త్యాగం చేసే మనిషి ఇంత గట్టిగా బేరమాడుతుందా? ఆవిడ ఆ ఇంట్లో ఎక్కడ పడుకోవాలో, ఏ ఎండలో కూర్చోవాలో అప్పుడే చూసుకుంటోంది. ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి, అత్తగారి ముందే అతని చెయ్యి పట్టుకుంది. అతను ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"ఒప్పుకున్నట్టేనాండీ?" అన్నాడు, ఇంకా నమ్మకం కుదరక.

"నాకూ ఒక షరతు ఉంది," అంది ఆమె. "ఎండ పడే గది నాక్కావాలి."

"కుదరదు," అంది అత్తగారు. "నేను ముందడిగా."