948: దొరకని రాయి

ఉదయం ఆరూ నలభైకి కాట్పాడి జంక్షన్ ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద పెరుమాళ్ కాఫీ కప్పు కింద పెట్టి, ఫోన్ తీసి, తన చీఫ్‌కు రెండే మాటలు చెప్పాడు.

"తొమ్మిది వందల నలభై ఎనిమిది. మూడు గంటలు."

ఆ వెంటనే మెడ తడుముకున్నాడు. వెనక నిలబడ్డ మనిషి అప్పటికే జనంలో కలిసిపోయాడు. బెంగళూరు రైలు వచ్చి ఆగేసరికి పెరుమాళ్ బెంచీ మీద కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు. చెవి వెనక సూది గుచ్చిన చుక్క ఒకటి, అంతే.

ఎనిమిది గంటలకు వేలూరు లాంగ్ బజార్‌లో, స్టీలు పాత్రల కొట్టు మీది గదిలో, ఏజెంట్ భూపతి తన చీఫ్ శేషాద్రి ఎదురుగా నిలబడి ఉన్నాడు. పెరుమాళ్ అతనికి పని నేర్పినవాడు. అతని చావు గురించి మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. అంత టైం లేదు.

శేషాద్రి బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు. విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న పదకొండు మంది మన ఏజెంట్ల లిస్టు ఒక మెమరీ కార్డులో ఉంది. దాన్ని ఒక విదేశీ ముఠా కొట్టేసింది. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి వాళ్ల కొరియర్ ఆ కార్డు తీసుకుని, అక్కడికక్కడే శాటిలైట్ ఫోన్లో పంపేస్తాడు. పంపిన గంటలో ఆ పదకొండు మందీ ఉండరు. అందులో నలుగురిని ఉద్యోగంలోకి తెచ్చింది భూపతే.

ఈ ముఠా సరుకు దాచేది పాత సర్వే రాళ్ల దగ్గర. సముద్ర మట్టం నుంచి ఇంత ఎత్తు అని గుర్తు చెక్కిన బెంచ్‌మార్క్ రాళ్లు ఈ జిల్లాలో కల్వర్టుల మీదా, స్టేషన్లలోనూ, పాత కట్టడాల మెట్ల మీదా వందల కొద్దీ ఉన్నాయి. ఏ రాయి ఎత్తు ఎంతో అదే ఆ రాయి కోడ్. 948 మీటర్లంటే కొండ మీదే ఉండాలి కాబట్టి మొత్తం టీం ఏలగిరికి బయల్దేరింది.

కార్డు దాచింది నివేదిత. పైకి ఆమె డ్రోన్ మ్యాపింగ్ కంపెనీ యజమాని. బెంచ్‌మార్కులు వెతకడం సరదాగా పెట్టుకున్నవాళ్ల క్లబ్బు ఒకటి నడుపుతోంది. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. పెరుమాళ్ ద్వారా మనకు కబుర్లు పంపుతుంది కాబట్టి మనమూ మన మనిషే అనుకుంటున్నాం.

"ఎవురి మనిషో నాకే నిజంగా తెలీదప్పా," అన్నాడు శేషాద్రి. "మన పక్కే ఉంటే, మట్టం సరిగా ఉండాదా అని అడుగుతాది. వెంట్రుకవాసి తక్కువ అని నువ్వు చెప్పాల."

నివేదిత ఫోన్ చివరిసారి గుడియాత్తంలో పలికింది. ఆమెకు ఈ సరదా నేర్పిన కోమల ఉండేది కూడా అక్కడే. క్లబ్బులో ఎవరినీ నమ్మకూడదు, అసలు సంగతి ఎవరికీ చెప్పకూడదు. ఆ ఆర్డరు వేసి, శేషాద్రి ఒక రసమట్టం చేతికిచ్చాడు. చూడ్డానికి మేస్త్రీలు వాడేదే. బుడగ మీద వేలితో నొక్కితే చుట్టూ ఇరవై గజాల్లో ఏ సిగ్నలూ పనిచేయదు.

పది గంటలకు భూపతి టోపీ, కళ్లద్దాలు పెట్టుకుని, కొత్తగా ఈ సరదా మొదలుపెట్టాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిగా కోమల గుమ్మం ఎక్కాడు.

కోమలకు అరవై మూడేళ్లు. నేతవాళ్ల ఇంట పుట్టి, సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే పని చేసి రిటైరైంది. శిష్యుడు దొరికాడని ఆమె ముఖం వెలిగింది. మెత్తటి బ్రష్షు, సుద్దముక్క, నీళ్ల సీసా, నోటుబుక్కు సంచిలో వేసుకుని వెంటనే బయల్దేరింది. పాత లిస్టులో ఒక్కో రాయికి ఒక్కో వాక్యం రాసి ఉంటుందనీ, ఆ వాక్యం రాసి డెబ్భై, ఎనభై ఏళ్లు అయ్యుంటుందనీ ఆటోలో చెప్పింది. అందువల్ల ముందు వెతకాల్సింది రాయిని కాదట, దాని చుట్టూ ఏం మారిందో దాన్ని. రోడ్డు ఎత్తు పెరిగిందా, కల్వర్టు వెడల్పు చేశారా, గోడకు సున్నం కొట్టారా అన్నది చూడాలి.

పేర్ణాంబట్టు రోడ్డులో ఒక పాత కల్వర్టు దగ్గర ఆమె పిట్టగోడ మీది దుమ్ము బ్రష్షుతో తుడిచి, నీళ్లు పోసి, గొడుగుతో నీడ పట్టింది. తడి రాయి మీద మెల్లగా ఒక చతురస్రం, దాని చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. కత్తితో గీకితే పాపమని చెప్పింది. ఆ గుర్తు మీద వేలు పెట్టినప్పుడు, అంత ఆరాటంలోనూ భూపతి గుండె ఒక్క క్షణం తేలికైంది. లిస్టులో దాని ఎత్తు చూశాడు. 931.

"ఇంత ఎత్తా, ఇక్కడ?" అన్నాడు.

"అడుగులు నాయనా. పాత రాళ్లకి మీటర్లు యాడ తెలుసు?"

భూపతి గడియారం చూసుకున్నాడు. టీం మొత్తం కొండ మీద ఉంది. కిందికి దిగి రావడానికి రెండు గంటలు పైనే. 948 అడుగుల రాయి ఈ ఊరి చుట్టుపక్కలే ఎక్కడో ఉంది. టీంను దించమని శేషాద్రికి మెసేజ్ పెట్టి, ఆ రాయి చూడాలని ఉందని ఆమెను మామూలుగా అడిగాడు.

కోమల నోటుబుక్కు మూసేసింది. నేతవాళ్ల సత్రం మెట్టు మీద ఉండాలని లిస్టులో రాశారనీ, సత్రం ఎప్పుడో పోయిందనీ, మూడేళ్లుగా వెతికినా దొరకలేదనీ ముభావంగా చెప్పింది. అయినా అతను వదలకపోయేసరికి, సరే అని కౌండిన్య నది ఒడ్డుకు తీసుకెళ్లింది. అక్కడ కూలిన గోడలన్నీ చూశారు. అక్కడ లేదని మరో వీధికి, అక్కణ్నుంచి ఒక బడి వెనక్కి. పన్నెండయింది. ఒంటిగంటయింది. ప్రతి చోటా ఆమె తాపీగా దుమ్ము తుడిచి, "దొరకలేదు" అని తేదీ వేసి రాసుకుంటోంది. అలా రాయడం కూడా పనేనని అతనికి నేర్పుతోంది. ఫోన్లో శేషాద్రి, టీం ట్రాఫిక్‌లో చిక్కుకుందని మెసేజ్ పెట్టాడు.

రెండూ ఇరవైకి భూపతి రోడ్డు పక్కన రాళ్ల మీద కూలబడ్డాడు. పదకొండు మందిలో దినకరన్ ముఖం కళ్ల ముందు నుంచి కదలడం లేదు. పెళ్లయి ఆరు నెలలే అయిన మనిషి, ఏం కాదు సార్ అని నవ్వుతూ విమానం ఎక్కాడు. ఆర్డరు గుర్తొచ్చింది. దాన్ని పక్కన పెట్టి, టోపీ తీసి, తను ఎవరో, మూడింటికి ఏం జరగబోతోందో, పొద్దున కాట్పాడిలో ఎవరు చనిపోయారో మొత్తం చెప్పేశాడు.

కోమల నోటుబుక్కు పక్కన పెట్టింది. కొంగు ముడి విప్పి ఫోన్ తీసింది.

"నేనూ నీకు అబద్ధం చెప్పినాను నాయనా. మూడేండ్లు తిరిగినాను ఆ రాయికోసం. నిన్నగాక మొన్న నా దగ్గర నేర్చుకున్న పాప దాన్ని కనిపెట్టిందంటే, నీతో చెప్పను నోరు రాలేదు."

పొద్దున ఆరింటికి నివేదిత పంపిన మెసేజ్ అది. తమిళ అక్షరాలు, తెలుగు మాటలు. ఆ ఊరి తెలుగువాళ్లు చాలామంది రాసుకునేది అలాగే. ముఠా వాళ్లు ఫోన్ లాక్కుని చూసినా ఏ భాషో తేల్చుకోలేరు. "అమ్మా, దొరకలేదంటివే, ఆ రాయి మునిరాజ్ మగ్గాల షెడ్డులో తలుపు కింద ఉండాది. మూడు గంటలకి ఒకాయన చూడను వస్తాడు. నువ్వు ఎవురినైనా తోడు తీసుకోని రా."

పొద్దున్నుంచి ఆ మాటలు ఆమె కొంగులోనే ఉన్నాయి. కోపగించుకునే తీరిక కూడా భూపతికి లేదు.

"సీక్కిరం పద," అని ఆమే ముందు గబగబా లేచింది.

రెండూ యాభై ఎనిమిదికి షెడ్డు చేరారు. భోజనాలకు పోయినవాళ్లు ఇంకా రాలేదు, మగ్గాలన్నీ ఖాళీ. పాత సత్రం మెట్టునే తెచ్చి గుమ్మం కింద వేసినట్టున్నారు, ఇప్పుడది పక్కకు పెళ్లగించి ఉంది. లోపల ఇద్దరున్నారు. దానిమ్మ రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో నివేదిత. ఆమె పక్కన లుంగీలు కొనే ఎక్స్‌పోర్టు వ్యాపారి వేషంలో ముకేష్ అనే కొరియర్. ఎక్కడి మనిషో గాని, ఈ ప్రాంతం వాడు కాదు. కార్డు అప్పటికే అతని శాటిలైట్ ఫోన్లో ఉంది. అద్దాల కిటికీ దగ్గర ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. స్క్రీన్ మీద డెబ్భై ఒక్క శాతం.

ముకేష్ రెండో చెయ్యి సంచిలోకి పోయి పిస్టల్‌తో బయటికొచ్చింది. వీళ్లు క్లబ్బు వాళ్లు, రాళ్ల పిచ్చివాళ్లు అని నివేదిత ఇంగ్లీషులో అతనికి చెప్పింది. ఆ గొంతులో ఏ బెదురూ లేదు. ఆమె ఎవరి మనిషో భూపతికి అంతుపట్టలేదు.

ఆమె అతని చేతిలోని రసమట్టం వైపు చూసి తెలుగులో అంది. "మట్టం సరిగా ఉండాదా?"

"వెంట్రుకవాసి తక్కువ," అన్నాడు భూపతి, బుడగ మీద వేలు నొక్కుతూ.

ఏమీ జరగలేదు. ఎనభై నాలుగు శాతం. మళ్లీ నొక్కాడు. తొంభై. పొద్దున్నుంచి ఎండలో తిరిగిన ఆ యంత్రంలో బుడగ మాత్రం చక్కగా మధ్యలో నిలిచింది.

అప్పుడు కోమల, రాయి గురించి అడుగుతున్నంత మామూలుగా అంది. "పాపా, ఆయన వెనక మగ్గం గుంట ఉండాది. చూసుకోలేదు."

నేతగాడు కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంట అది, నడుము లోతు. ముకేష్‌కు ఆ భాష తెలియదు. భూపతి రసమట్టాన్ని కత్తిలా పైకెత్తి ఒక్క అడుగు ముందుకు వేశాడు. ముకేష్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. నివేదిత రెండు చేతులతో అతని ఛాతీ మీద తోసింది.

పిస్టల్ పేలింది. గుండు నివేదిత భుజాన్ని చీల్చుకుంటూ పోయి పెంకుల్లో దిగింది. ముకేష్ గుంటలో పడ్డాడు. ఫోన్ గాల్లోకి లేచి, నూలుకు పెట్టడానికి కలిపి ఉంచిన గంజి తొట్టిలో బుడుంగుమంది. భూపతి గుంటలోకి దూకి పిస్టల్ లాక్కుని వాడి చేతులు విరిచి కట్టేలోగా, కోమల మోచేతిదాకా గంజిలో చెయ్యి పెట్టి ఫోన్ బయటికి తీసింది. స్క్రీన్ ఆరిపోతూ ఆఖరుగా చూపిన అంకె తొంభై ఎనిమిది.

నివేదిత గోడకు ఆనుకుని కూర్చుంది. భుజం నుంచి రక్తం పట్టు మీదికి పాకుతోంది. పెరుమాళ్ వచ్చినాడా అని అడిగింది. భూపతి తల అడ్డంగా ఊపాడు. ఆమె నల్ల కళ్లద్దాలు తీయకుండానే తల వంచుకుంది. కోమల తన కొంగు చింపి ఆ భుజానికి కట్టు కట్టి, అంబులెన్స్ వచ్చేదాకా ఆమె తలను తన ఒళ్లో పెట్టుకుంది.

పది రోజులకు ముకేష్ నోరు విప్పాడు, కాట్పాడిలో సూది గుచ్చినవాడు ఆంబూరులో దొరికాడు, దినకరన్ ఇంకో మారుపేరుతో ఇంకో దేశం చేరాడు. అంతా అయ్యాక భూపతి నాలుగు రోజుల సెలవు అడిగాడు. కారణం అన్న చోట, "లత్తేరి దాకా ఆరు రాళ్లు ఇంకా దొరకలేదు, మంచి బ్రష్షు కొన్నాను" అని రాశాడు.

శేషాద్రి దాన్ని మూడుసార్లు చదివి, అర్జెంట్ అని ముద్ర వేసి, కోడ్ విప్పే సెక్షన్‌కు పంపాడు. వాళ్లు ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నారు.